అతుకుల అందం

“ఇదేం బొమ్మమ్మా? కాలేదీ, చెయ్యేదీ?” అన్నారు మా అత్తగారు, పిలూ పోచ్‌ఖానావాలా శిల్పం ఫోటో చూసి. మా కడపలో బండ చెక్కితే దేవుడన్నా రావాలి, వంటింటి గట్టన్నా రావాలి మరి!

1923లో పుట్టిన ఈ పార్శీ మహిళ ఏ కళాశాలలోనూ శిల్పం నేర్వలేదు. ప్రకటనల ఉద్యోగం చేసుకుంటూ 1951లో యూరప్ వెళ్ళి, అక్కడి శిల్పాలు చూసొచ్చి మొదలుపెట్టారు. ముందు మనుషుల రూపాలే. పోనుపోను తుక్కు ఇనుము వెల్డింగు చేసి, దేనినీ పోలని నైరూప్య శిల్పాలు.

అన్నీ గొప్పవని నేననను. కొన్నింట్లో తుక్కు తుక్కుగానే మిగిలింది. మంచివాటిలో మాత్రం అతుకే అందం. చీరకేసిన అతుకు మనం కుచ్చిళ్ళలో దాచుకుంటాం చూడండి, ఆవిడ దాచలేదు. ముక్కల మధ్య ఖాళీనీ పూడ్చలేదు.

బొంబాయి హాజీ అలీ దగ్గరి ఆవిడ ‘స్పార్క్’ శిల్పాన్ని, 1986లో ఆవిడ పోయిన తర్వాత తీసేశారు.

అత్తగారు ఫోటో మళ్ళీ అడిగి తీసుకున్నారు. “ఈ సందులోంచి గాలి బాగా ఆడుతుందే!” అన్నారు.