రెండవ పిలుపు: కేరీ, యోనా

1812 మార్చి 11వ తేదీ సాయంకాలం శ్రీరాంపూరు మిషను ముద్రణాలయంలో నిప్పు అంటుకొన్నది. అర్ధరాత్రికి కప్పు కూలినది. విలియం కేరీ ఆనాడు కలకత్తాలో ఉన్నాడు. అక్కడి ఫోర్టు విలియం కళాశాలలో ఆయన అధ్యాపకుడు. మరునాడు ఆయన సహచరుడు జోషువా మార్ష్‌మన్ వచ్చి వార్త చెప్పినాడు. అనేక భాషల టైపులు, కాగితపు నిల్వలు, బైబిలు అనువాదాల వ్రాతప్రతులు పోయినవి. సంస్కృతాన్ని, దాని సోదర భాషలను కలిపి కూర్చుచున్న నిఘంటువు పోయినది. తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి సైతం పోయినది. ఈ చివరి మాట తెలుగు పాఠకునకు కొంచెం గుచ్చుకొంటుంది.

ఆ నష్టాన్ని తలచుకొని చేసిన ప్రసంగానికి కేరీ నలుబది ఆరవ కీర్తనను ఆధారంగా తీసికొన్నాడు. దానిని రెండు భాగాలు చేసినాడు: మానవుని తన చిత్తానుసారం నియోగించే హక్కు దేవునిది, దానికి తలయొగ్గుట మానవుని ధర్మం. మొదటి భాగాన్ని గురించి మతవేత్తలు వాదింతురు గాక, నాకు రెండవదానితోనే పని. తన నష్టాన్ని గురించి ఎవరైనా ఇట్లా అనవచ్చును. పరుల నష్టాన్ని గురించి అనరాదు. కేరీతో కలిసి పనిచేసిన పండితులలో ఎందరో ఆయన మతంలో చేరినవారు కారు. వారి శ్రమ కూడ కాలినది. ఆ పని తిరిగి మొదటి పుటనుండి సాగినది. వారిది ఏ విధేయత? జీతంకొరకే అని తేల్చివేయడం సులభం. ముగించిన పనిని రెండవమారు చేయవలసివచ్చిన ఏ అనువాదకుడూ అంత సులభంగా తేల్చడు.

బైబిలులో ఈ సందర్భానికి దగ్గరైన కథ యోనాది. నీనెవెకు పొమ్మని ఆజ్ఞ అయితే ఆయన తర్షీషుకు పోయే ఓడ ఎక్కినాడు. తుపాను, సముద్రం, మత్స్యగర్భంలో మూడు దినాలు. ఒడ్డున పడిన పిదప దేవుని వాక్కు రెండవమారు వచ్చినది. దీనిని క్షమాపణగా చదివి సంతోషించడం వాడుక. కథకుడు అంతమాత్రమే చెప్పలేదు. ఆజ్ఞ మారలేదు, ఊరు మారలేదు. తప్పించుకొన్న పనే తిరిగి చేతికి వచ్చినది. అంతకంటె విశేషమేమనగా, యోనా మాట విని నీనెవె ప్రజలు పశ్చాత్తాపపడగా, వారికి దొరికిన రెండవ అవకాశాన్ని చూసి ఆయన అలిగినాడు. ప్రవక్తను ఇంత నిర్దాక్షిణ్యంగా చిత్రించిన కథలు అరుదు. అది దేవుని ప్రశ్నతో ముగుస్తుంది. యోనా ఏమన్నాడో వ్రాయలేదు.

ఈ కథను రెండు భాషలలో చదివినవానికి మాటల దగ్గర ఒక లాభం కలదు. పశ్చాత్తాపాన్ని హిందీ బైబిలు ‘మన్ ఫిరావ్’ అన్నది, తెలుగు బైబిలు ‘మారుమనస్సు’ అన్నది. హిందీ మాటలో వెనుకకు తిరుగుట ఉన్నది. తెలుగు మాటలో ఒకదాని స్థానాన వేరొకటి నిలుచుట ఉన్నది, మారుపేరు, మారువేషం అన్నట్లు. యోనా పాదాలు తిరిగినవి గాని మారుమనస్సు కలిగినదా అన్నది సందేహమే. అట్లే హిందీలోని ‘ఆజ్ఞాకారి’ చేసిన పనిని చూసే మాట; మన ‘విధేయుడు’ మనిషి స్వభావాన్ని చూసే మాట. ఉత్తరాల అడుగున వ్రాసి వ్రాసి దానిని మనమే అరగదీసినాము. యోనాను ఆజ్ఞాకారి అనవచ్చును, విధేయుడు అనుటకు నోరు రాదు.

మరి కేరీ? ఒకమారు నడచిన బాటను రెండవమారు నడచుట సులువు, అడుగు తడబడదు అని ఆయన ధైర్యం చెప్పుకొన్నాడు. తెలుగు విషయంలో అది చాలవరకు నిజమైనది. శిథిలాలలో అక్షరాల మూసలు చెడక దొరికినవి. కరిగిన లోహంతోనే టైపులు మరల పోసినారు. ఇంగ్లండునుండి చందాలు వచ్చినవి. 1814లో తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరునుండి వెలువడినవి. అయితే వాటికి దీర్ఘాయువు లేకపోయినది. వ్యాకరణం వచ్చిన రెండేండ్లకే మద్రాసున కాంబెల్ వ్యాకరణం వచ్చినది. విశాఖపట్టణంలో తెలుగువారిమధ్య పనిచేసిన ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన అదే 1818లో మద్రాసున అచ్చయినది. హుగ్లీ ఒడ్డున కూర్చుండి పండితుల నోటినుండి సంపాదించిన తెలుగు ఎంత శ్రద్ధతో వ్రాసినదైనా, వీధిలో విన్న తెలుగు కాదు. ఆజ్ఞ నెరవేరినంతమాత్రాన అనువాదం మంచిదైపోదు. ఈ మాట చెప్పుటకు విమర్శకుడు జంకరాదు.

బెంగాలీలో ఆయనకు నిప్పు అవసరం లేకపోయినది. 1801లో అచ్చయిన క్రొత్త నిబంధనను ఆయనే పదేపదే విప్పి దిద్దినాడు. బెంగాలీ బైబిలు చివరి సవరణ ముగిసినది 1832లో. 1834 జూన్ 9న ఆయన మరణించినాడు. ఎవరూ తగులబెట్టని పుటలను తనంతట తాను కొట్టివేసి తిరిగి వ్రాసిన ఆ ముప్పది ఏండ్లు నాకు కీర్తనమీది ప్రసంగంకంటె గట్టి సాక్ష్యంగా తోచినవి.

నిఘంటువు సంగతి వేరు. అగ్నిప్రమాదంనాటికి కేరీకి యాబది ఏండ్లు నిండినవి. నా వయస్సూ ఆ దరిదాపులదే గనుక ఆ లెక్క మరచిపోలేకున్నాను. వ్యాకరణాలు, బైబిళ్ళు మరల వచ్చినవి. ఆ బహుభాషా నిఘంటువు మాత్రం అచ్చుకు రాలేదు.