కాల్చిన వంకాయ, పొంగిన పిండి

ఆదివారం పిజ్జా కోసం శనివారం రాత్రి భోజనాలయ్యాక మా వంటింటి గట్టు మీదికి పెద్ద బేసిన్ వస్తుంది. అరకిలో మైదా, 320 మిల్లీలీటర్ల నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు, అర చెంచా ఈస్ట్. పిసకడం మావారి వంతు. పది నిమిషాలు అరచేతి కింది భాగంతో నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కుతారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళ మా అమ్మాయి నిమ్మకాయంత ముద్ద తీసుకుని దీపం ఎదురుగా నిలబడి వేళ్ళతో సాగదీస్తుంది. చిరగకుండా పలచని పొరై, అందులోంచి వెలుతురు కనిపిస్తే పిండి కుదిరినట్టు. లేకపోతే, "నాన్నా, ఇంకో రెండు నిమిషాలు" అంటుంది. ఆయన మళ్ళీ చేతులు పెడతారు.

ఆ పిండిని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచేస్తాం. బెజవాడ ఎండల్లో బయట వదిలేస్తే గంట గంటన్నరకే పొంగిపోతుంది గాని రుచి పట్టదు. చల్లదనంలో నిదానంగా పులిస్తేనే పిండికి కమ్మని వాసన వస్తుంది. మొదటిసారి ఆదివారం ఉదయం గిన్నె మూత తీసినప్పుడు మా అత్తయ్య తొంగి చూసి, "ఇది మన దోసెల పిండి సంగతేనమ్మా" అన్నారు. నిజమే. రెండింటిలోనూ కంటికి కనిపించని జీవులు పిండిలోని తీపిని తిని గాలి వదులుతాయి. ఆ గాలిని పట్టి ఉంచడానికి మన పిండిలో మినుముల జిగురు ఉంది, గోధుమలో ఆ పని గ్లూటెన్ చేస్తుంది. అరవై ఏళ్ళుగా పిండి పొంగు చూసిన కన్ను ఆవిడది. ఇప్పుడు మా పిండి ఎప్పుడు బయటికి తీయాలో చెప్పేది కూడా ఆవిడే.

మొదట్లో కూరగాయలు పచ్చివే తరిగి పైన పరిచేవాళ్ళం. అంచు కాలేది, నడుమ మాత్రం పిండి తడిసి ముద్దయ్యేది. వంకాయలోనూ క్యాప్సికంలోనూ 90 శాతానికి పైగా నీరే. పొయ్యి వేడికి ఆ నీరంతా దిగి రొట్టెలోకి ఇంకేది. రెండు వారాలు అలా పాడయ్యాక అత్తయ్య అన్నారు, "పచ్చడికి వంకాయ కాల్చుకోమూ? దీనికీ అలాగే కాల్చండి." అంతవరకూ ఆ మాట మాలో ఒక్కరికీ తట్టలేదు.

అప్పటి నుంచి కాల్చే పని ఆవిడ చేతిలోనే ఉంది. వంకాయకు నూనె రాసి, పేలకుండా చాకుతో రెండు గాట్లు పెట్టి, సన్నని మంట మీద తిప్పుతూ కాలుస్తారు. తొక్క నల్లబడి, తొడిమ దగ్గర నొక్కితే వేలు దిగబడాలి. వలిచిన గుజ్జును చిల్లుల గిన్నెలో వేసి కాసేపు వదిలేస్తే నీరు కారిపోతుంది. దాన్ని ఉప్పు, వెల్లుల్లితో మెదిపి రొట్టె మీద మొదటి పూతగా పూస్తాం. క్యాప్సికం పైపొర మాడేదాకా కాల్చి, గిన్నె బోర్లిస్తే లోపలి ఆవిరికి ఆ పొర దానంతటదే వదులుతుంది. ఉల్లిపాయ మందపాటి చక్రాలుగా కోసి పెనం మీద రెండువైపులా ఎర్రగా చేస్తాం. మొక్కజొన్న పొత్తు కాల్చి గింజలు వలవడం పిల్లల పని. టమాటా గుజ్జు కూడా నీరు ఇగిరి దగ్గరపడేదాకా ఉడకాలి. నీరు ఉన్నంతసేపూ కూరగాయ వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అది పోయాకే పైభాగం ఎర్రబడుతుంది, ఆ కాలిన తీపీ పొగ వాసనా పుడతాయి. పచ్చడి నూరిన చేతులకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

పిజ్జా పుట్టిల్లు ఇటలీలోని నేపుల్స్. అక్కడి కట్టెల పొయ్యిలో వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, ఒకటిన్నర నిమిషంలోపే పిజ్జా బయటికి వస్తుంది. 2017లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది అక్కడి పిజ్జా పనివాళ్ళ కళను. పిండి కలపడం, చేత్తో తిప్పుతూ సాచడం, పొయ్యిలో తిప్పి కాల్చడం, పక్కన నిలబడి చూస్తూ కుర్రవాళ్ళు ఆ పని పట్టుకోవడం, ఇదంతా కలిపి వారసత్వమన్నారు. ఆ సంగతి చదివిన రోజు నాకెంతో సంతోషమేసింది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్ళే పని ఎక్కడున్నా విలువైనదే. మా అత్తయ్య వంకాయ తిప్పుతుంటే మా అబ్బాయి పక్కన నిలబడి చూస్తాడు కదా, అదీ ఆ కోవలోదే.

మా ఓవెన్ వేడి 250 డిగ్రీలకు మించదు. అందుకే ముందు పొయ్యి మీద ఇనుప పెనం బాగా కాల్చి, సాచిన పిండి దాని మీద వేస్తాం. రెండు నిమిషాల్లో బుడగలు లేచి అడుగున మచ్చలు పడతాయి. అప్పుడు గుజ్జు, కూరగాయలు, తురిమిన చీజ్ పరిచి, పెనంతో సహా ఓవెన్‌లో పెడితే అయిదారు నిమిషాల పని. పిడి కూడా ఇనుముదే అయిన పెనం కావాలి, ప్లాస్టిక్ పిడి కరిగిపోతుంది. ఈ బరువు పని పద్నాలుగేళ్ళ మా అబ్బాయిది. మందపాటి గుడ్డతో పెనం పట్టుకుని నడుస్తుంటే ఇల్లంతా దారి ఇస్తుంది.

ఇన్ని ఆదివారాల్లో నేను గమనించినది ఒకటుంది. దోసెలు వేసే రోజు మా ఇంట్లో ఒక మనిషి పెనం దగ్గరే ఉండిపోతుంది. వేడివేడిగా అందరికీ వెళ్తాయి. ఆమె వంతు వచ్చేసరికి పిండి అడుగంటి, ఆకలి చచ్చి ఉంటుంది. నా చిన్నప్పుడు మా అమ్మ అలాగే తినేది, పెళ్ళయ్యాక అత్తయ్యా నేనూ అలాగే తిన్నాం. దాన్ని ప్రేమ అనుకున్నాం గాని, వేసేవాళ్ళకూ వేడిది తినాలని ఉంటుందని అనుకోలేదు. పిజ్జా ఒక్కటి దిగితే అయిదు ముక్కలవుతుంది. అయిదుగురం ఒకేసారి కూర్చుంటాం. అందరి చేతులకూ పిండి ఉంది, అందరికీ మొదటి ముక్క ఉంది. సంక్రాంతికి అరిసెలు చేసేటప్పుడు ఒకరు పాకం చూసి, ఒకరు వత్తి, ఒకరు నూనెలో వేసి, ఒకరు చెక్కలతో నొక్కితేగాని పని జరగదు. ఏడాదికోసారి వచ్చే ఆ కలివిడి మాకు వారానికోసారి వస్తోంది.

మొన్న బుధవారం రాత్రి దోసెలు. అత్తయ్య అలవాటుగా పెనం ముందు నిలబడ్డారు. మూడో దోసె తిరగేస్తుండగా మా అబ్బాయి తన కంచం పక్కన పెట్టి లేచి వెళ్ళి, "నానమ్మా, ఇటివ్వు" అని అట్లకాడ తీసుకున్నాడు. వాడు వేసినది గుండ్రంగా రాలేదు. ఆవిడ పీట మీద కూర్చుని, అంచు విరిచి నోట్లో పెట్టుకుని, కాలిందని ఊదుకుంటూ తిన్నారు.