మూసీతీర సౌధానికి ముందుమాట

భాగ్యనగర వాస్తువైభవమనగానే గోలకొండ, చార్మినారుల వద్దనే మన లేఖినులు విశ్రమించడం పరిపాటి. అట్లా కాక, మూసీ ఉత్తరతీరాన గుమ్మటాలతో, ఛత్రీలతో విరాజిల్లే ఉస్మానియా ఆసుపత్రిని గ్రంథవస్తువుగా స్వీకరించి, ఒక చేత కొలతటేపు, మరొక చేత పాత దస్తావేజు ధరించి ఏళ్ల తరబడి పరిశ్రమించిన ఈ గ్రంథకర్త నాకు శిష్యప్రాయుడు; అయినా ఈ పీఠికకు ప్రేరణ వాత్సల్యం కాదు, గ్రంథగౌరవమే.

ఈ సౌధపు వంశం ఘనమైనది. దీనికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కాలంలోనే, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, క్లోరోఫారంపై జరిగిన పరిశోధనలు హైదరాబాదు పేరును పాశ్చాత్య వైద్యలోకానికి వినిపించాయి. 1908 సెప్టెంబరు నాటి మూసీ ప్రళయం ఆ ఆసుపత్రిని ముంచెత్తగా, ఆవరణలోని చింతచెట్టు నూటయాభైమందికి పైగా ప్రాణభిక్ష పెట్టింది. అనంతరం ఏడవ నిజాం కొలువులో చేరిన వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్, కాచిగూడ స్టేషనును నిర్మించిన చేతితోనే, ఈ ఆసుపత్రికీ రూపకల్పన చేశాడు. ఎష్ ప్రతిభను కొనియాడటంతో తృప్తిపడే రచనలకు మనకు కొరత లేదు.

ఈ గ్రంథం అక్కడితో ఆగదు; దీనికి ప్రాణమని నేను భావించేది ఈ సౌధపు గోడల డంగుసున్నపు గచ్చును గురించిన అధ్యాయం. గానుగలో ఎడ్లు లాగే రాతిచక్రం కింద ఇసుకతో కలిసి నలిగిన సున్నం గోడలోని చెమ్మను నెమ్మదిగా వెలికి విడుస్తుంది. పగుళ్లు పూడ్చే తొందరలో దానిపై సిమెంటు మెత్తితే ఆ చెమ్మ లోపలే చిక్కుకొని, గచ్చు పెచ్చులుగా ఊడుతుంది, ఆ సందుల్లో రావిమొక్క వేరూనుతుంది. ఈ క్రమాన్ని గ్రంథకర్త ఒక్కొక్క పెచ్చునూ చూపి నిరూపించిన తీరు వైద్యుడు నాడి పట్టినట్లుంది. 2020 జూలైలో వాననీరు వార్డుల్లో నిలిచి, రోగులను తరలించి, పాతభవనాన్ని మూసివేసిన పిమ్మట, శిథిలమైంది గనుక కూల్చక తప్పదన్న వాదం బలపడింది. కట్టడం ముసలిదైందా, మరమ్మతు చెడిందా అన్న విచక్షణ లేని ఆ వాదానికి ఇంతకన్న సప్రమాణమైన సమాధానాన్ని నేను చదవలేదు.

ఒక కొరత చెప్పక తప్పదు. ఎష్ గురించి ఎన్నో పుటలు వెచ్చించిన చేయి, గచ్చుపని చేసిన మేస్త్రీల పరంపరకు రెండే పుటలు కేటాయించింది. పాతబస్తీలో ఆ పని తెలిసిన వృద్ధులు ఉండగానే వారి మాటలు సేకరించి, ద్వితీయముద్రణలో చేర్చవలసిందని నా ఆదేశం.