ఆజ్ఞ ఇవ్వని పనితనం

ఏం తినాలో, ఎవరితో మాట్లాడాలో, ఎవరిని పెళ్లాడాలో పెద్దలే చెప్పే కఠినమైన మత బృందం నుంచి బయటికొచ్చిన మనిషి థెరపిస్టు ముందు కూర్చుని మొదట అడిగేది తరచూ ఇదే: "ఇప్పుడు నేనేం చేయాలె?" జవాబు చెప్పడం తేలికే. కానీ చెప్పిన క్షణాన పాత పెద్దల కుర్చీలో కొత్తవారు కూర్చున్నట్టవుతుంది. మంచి థెరపిస్టు చెప్పరు. నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ నిగ్రహమే.

థెరపిస్టు పనికి ఒక వరుస ఉంది. మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ ఆఘాతం గురించి 1992లో రాసిన పుస్తకంలో దాన్ని మూడు దశలుగా చెప్పారు: భద్రత, జ్ఞాపకం–దుఃఖం, మళ్లీ మనుషుల్లో కలవడం. అందుకే మొదట గతం తవ్వరు. నిద్ర పడుతోందా, ఉండటానికి చోటుందా, ఎవరైనా బెదిరిస్తున్నారా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని కనుక్కుంటారు.

తర్వాత భయం దగ్గరికొస్తారు. ప్రార్థన మానేసిన వారంలో బిడ్డకు జ్వరం వచ్చిందనుకోండి. "నా వల్లే, నాకు శిక్ష పడ్డది" అన్న ముడి బిగుసుకుంటుంది. జరిగింది ఒక గడిలో, మనసులో మెదిలిన మాట రెండో గడిలో, గుండెదడ మూడో గడిలో రాయిస్తారు. దేవుడున్నాడా లేడా అన్న వాదనకు దిగరు. ఈ మాట మొదట ఎవరన్నారు, అప్పుడు మీ వయసెంత, మీ చెల్లెలికి ఇలాగే జరిగితే ఏమంటారు అని అడుగుతారు. బట్ట చిరగకుండా పాత కుట్టు విప్పే దర్జీలా పోగు పోగూ లాగుతారు. విశ్వాసం ఉంచుకోవాలనుకునేవారికి అది మిగులుతుంది, భయం మాత్రం ఊడుతుంది.

దుఃఖానికి చాలా వ్యవధి ఇస్తారు. విడిచి వచ్చింది బృందాన్నే అయినా పోయింది అమ్మ ఫోను, కలిసి పాడిన పాటలు, పండుగ పూట పంక్తి భోజనం. ఈ లోటుకు దశదిన కర్మ ఉండదు, పరామర్శకు ఎవరూ రారు. ఆ ఏడుపుకు చోటు థెరపిస్టు గదే.

అమెరికా మనస్తత్వవేత్త మార్లీన్ వినెల్ 2011లో ఈ బాధకు 'మతపరమైన ఆఘాత లక్షణ సముదాయం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. వైద్య గ్రంథాల్లో అది విడి రోగంగా చేరలేదు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ ఒక మేలు చేసింది: తన సమాజంలోని మత విశ్వాసాలను పాటించనంత మాత్రాన ఎవరికీ మానసిక వ్యాధి ఉందని తేల్చకూడదు.

ఇలాంటి సాయం కావాలంటే, ఉదాహరణకు తొర్రూరు వాళ్లు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి బస్సులో వెళ్లొచ్చు. అంతదాకా వెళ్లలేనివారికి 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ ఉంది. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే నిపుణులకు అప్పగిస్తారు. మీ ఇంట్లో ఎవరైనా అలా బయటికొస్తే వెనక్కి లాగకండి, ఈ నంబరు ఇవ్వండి: 14416. తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఖర్చు లేదు.