రాతిలో రంగులు, బీరువాలో కెమేరా

మా చిన్నాడపడుచు హైదరాబాదులో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతోంది. పదిహేనుమంది పనిచేస్తారు. ఆస్పత్రుల బిల్లులూ, మందుల లెక్కలూ చూసే ప్రోగ్రాములు తయారుచేసి అమ్ముతారు. పెళ్ళికి ముందు ఆ అమ్మాయి చేతిలో ఎప్పుడూ కెమేరా ఉండేది. మా పెళ్ళి ఆల్బమ్‌లో ఫొటోగ్రాఫరు తీసినవాటికన్నా, అప్పుడు పదో క్లాసు చదువుతున్న ఆ పిల్ల తీసిన నాలుగు ఫొటోలనే ఇప్పటికీ అందరూ అడిగి మరీ చూస్తారు.

మొన్న దసరాకి వచ్చినప్పుడు, "వదినా, ఆ కెమేరా అమ్మేద్దామనుకుంటున్నాను. బీరువాలో బూజు పట్టిపోతోంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం నావల్ల కాదు" అంది.

నేనేమీ అనలేదు. లోపలికెళ్ళి ఓ పుస్తకం తెచ్చి తన చేతిలో పెట్టాను. ఆ పుస్తకం గురించే ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను.

పుస్తకం పేరు 'విదిన్ ద స్టోన్'. అంటే 'రాతి లోపల' అన్నమాట. 2004లో వచ్చింది. ఫొటోలు తీసినవాడు బిల్ ఆట్కిన్సన్ అనే అమెరికన్. కంప్యూటర్లతో పనిచేసేవాళ్ళకి ఈ పేరు బాగానే తెలుసు. 1978లో ఆపిల్ కంపెనీలో చేరాడు. 1984లో మెకింటోష్ కంప్యూటరుతోపాటు వచ్చిన 'మాక్‌పెయింట్' ఆయన రాసిందే. తెర మీద బ్రష్షుతో గీసినట్టు బొమ్మలు వేసుకునే ప్రోగ్రాము అది. 1987లో 'హైపర్‌కార్డ్' తయారుచేశాడు. 1990లో ఇద్దరు స్నేహితులతో కలిసి 'జనరల్ మ్యాజిక్' అనే సొంత కంపెనీ పెట్టాడు. 1996 నుంచి మాత్రం ప్రకృతి ఫొటోలకే అంకితమైపోయాడు. 2025 జూన్‌లో, 74వ ఏట కన్నుమూశాడు.

ఇక పుస్తకంలో ఏముంది? రాళ్ళు. కోసి, సానబెట్టిన రాళ్ళ ముఖాలు. అగేటు, జాస్పరు, లక్షల ఏళ్ళు భూమిలో ఉండి రాయిగా మారిపోయిన చెట్ల మానులు. వాటిని అతి దగ్గరగా తీసిన ఫొటోలు. పేజీ తిప్పితే ఒకచోట సాయంకాలపు ఆకాశం కనిపిస్తుంది, మరోచోట పొగమంచులో కొండలవరస. ఇంకో పేజీలో రంగులన్నీ ఒలికిపోయిన పట్టుచీర కుచ్చిళ్ళు! బొటనవేలి గోరంత ముక్కలో ఇంత లోకం ఉందా అని అబ్బురమనిపిస్తుంది. ఫొటోల పక్కన రచయితలు రాసిన చిన్నచిన్న వచనాలు, ఆ రాళ్ళ పుట్టుక గురించి ఖనిజశాస్త్రం తెలిసినవాళ్ళ వివరాలు కూడా ఉన్నాయి.

"ఉద్యోగమూ, సరదా రెండూ ఎలా తూకం వేశాడో!" అన్నారు మావారు పుస్తకం చూసి. నాకీ తూకం అన్నమాటే నచ్చదు. తక్కెడలో ఒక పళ్ళెం కిందికి దిగితే రెండోది పైకి లేవాల్సిందే కదా! ఆట్కిన్సన్ జీవితం చూస్తే తక్కెడ గుర్తు రాదు. ఒకే నీళ్ళతో పారే రెండు మడులు గుర్తొస్తాయి.

ఎలాగంటారా? మొదటి మెకింటోష్ తెర మీద ఉన్నవి నలుపూ తెలుపూ రెండే రంగులు. ఒక్కో చుక్క అయితే నల్లగా వెలగాలి, లేదా తెల్లగా. మధ్యలో బూడిదరంగు లేదు. అలాంటి తెర మీద మనిషి ముఖం ఫొటో కనిపించాలంటే ఎలా? చుక్కల్ని ఒకచోట దట్టంగా, ఒకచోట పల్చగా చల్లి, లేని బూడిదరంగు ఉన్నట్టు కన్నును ఒప్పించాలి. సంక్రాంతి ముగ్గులో పిండి చల్లే చేతికి ఈ కిటుకు కొత్తేం కాదు. ఆ చుక్కలు చల్లే పద్ధతి ఒకటి ఇప్పటికీ ఆయన పేరుతోనే చలామణీలో ఉంది. వెలుగునీడలు తెలియనివాడికి ఆ లెక్క తట్టేదా?

ఇంకో ముచ్చట. 1982లో ఆయన పై అధికారులు, ప్రతివారం ఎన్ని వరుసల ప్రోగ్రాము రాశారో ఫారంలో నింపమన్నారట. ఆ వారమే ఈయన ఓ పాత భాగాన్ని తిరగరాసి, మరింత వేగంగా పనిచేసేలా కుదించాడు. ఫారంలో 'మైనస్ రెండువేలు' అని రాసిచ్చాడు! కొన్ని వారాల తర్వాత ఆయన్ని ఆ ఫారం అడగడం మానేశారు. ఫొటోలో ఏం ఉంచాలన్నదానికన్నా ఏం తీసెయ్యాలో తెలియడమే అసలు విద్య అంటారు. రాళ్ళ ఫొటోలు చూస్తుంటే ఆ మైనస్ రెండువేలే కనిపిస్తాయి.

అలాగని నేను పూర్తిగా మురిసిపోలేదు. ఈ పుస్తకంలో నాకు తీరని వెలితి ఒకటుంది. ఇన్ని రాళ్ళలో ఎక్కడా మనిషి చెయ్యి కనిపించదు. ఆ రాయిని తవ్వినవాడు, కోసినవాడు, గంటలకొద్దీ సానబెట్టినవాడు ఏమయ్యారు? ఫొటోకి ఒక అంచు కూడా ఉండదు. ఆ రాయి అరచేతిలో ఇముడుతుందో, గోడంత ఉంటుందో తెలీదు. అందం ఎక్కువై కాసేపటికి కళ్ళు అలిసిపోతాయి. మిఠాయి కొట్లో గంటసేపు కూర్చున్నట్టు ఉంటుంది.

రెండో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆయన పూర్తికాలం కెమేరా పట్టినది నలభై అయిదేళ్ళ వయసులో, గొప్ప పేరు సంపాదించుకున్నాక. అలాంటి వెసులుబాటు అందరికీ, అందులోనూ ఆడవాళ్ళకి, దొరుకుతుందా? మగవాడు ఆదివారం కెమేరా పట్టుకు బయల్దేరితే కళాపోషణ. ఆడది బయల్దేరితే "మరి వంటెవరు చేస్తారు?" అన్న ప్రశ్న ముందొస్తుంది.

మన హైదరాబాదు సంగతే చూడండి. రాజా దీన్‌దయాళ్ ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేసుకుంటూనే 1870ల్లో ఫొటోగ్రఫీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. 1892లో హైదరాబాదులో ఆయన పరదా స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని నడపడానికి ఒక ఇంగ్లీషు మహిళను పెట్టాడు. అంటే ఈ ఊళ్ళో ఆడదాని చేతికి కెమేరా వచ్చి నూటముప్ఫై ఏళ్ళు దాటిందన్నమాట. ఇంకా మనం కెమేరాని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటున్నాం!

ఈ మాటలన్నీ మా ఆడపడుచుకి చెప్పలేదు. ఉపన్యాసాలు చెప్పే వదినెవరికి కావాలి? పుస్తకం మాత్రం తీసుకుపోయింది.

కార్తీకమాసంలో మళ్ళీ వచ్చింది. కెమేరా వెంట ఉంది. మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే పెరట్లో చతికిలపడి మా అత్తగారి రుబ్బురోలు ఫొటో తీసింది. నలభై ఏళ్ళు పప్పు రుబ్బి రుబ్బి నున్నగా అరిగిన గుంట, దాని అంచున అత్తగారి వేళ్ళు. ఆట్కిన్సన్ పుస్తకంలో నాకు దొరకనిది ఇదే.

తప్పు లేకపోలేదు. ఎడమవైపు నీడ ఎక్కువైంది. ఆ మాటే చెప్పాను.

"వచ్చేసారి పొద్దున్నే తీస్తాలే వదినా" అంది.

'వచ్చేసారి' అంది కదా, నాకదే చాలు.