ఏ వైపు నింపాలి?

ఈ వారం ఒక పాఠకురాలు పంపిన లెక్కల నోట్సు పేజీ కాలమిస్టుకు కోపం తెప్పించింది. ఆమె కొడుకు చదివేది కేంబ్రిడ్జి సిలబస్. గ్రాఫు పేపరు మీద ఒక అసమీకరణాన్ని గీశాడు. సరళరేఖ సరిగ్గానే ఉంది. కానీ పెన్సిల్‌తో నింపింది జవాబు కాని వైపు! పైగా టీచరు టిక్కు పెట్టారు.

పాత పాఠకులకు ఈ శీర్షిక పట్టుదలలు తెలుసు. గుర్తులో 'సమానం' ఉంటే నిండు గీత, లేకపోతే చుక్కల గీత. 'తక్కువ అంటే కింద, ఎక్కువ అంటే పైన' అనే ట్యూషన్ చిట్కాను నమ్మకూడదు. 'వై' ముందు రుణగుర్తు వస్తే అది తలకిందులవుతుంది. మూలబిందువును ప్రతిక్షేపించి చూడాలి. నిజమైతే అది ఉన్న వైపే సాధన. రేఖ మూలబిందువు మీదుగానే పోతే, రేఖ మీద లేని మరో బిందువును తీసుకోవాలి. ఇంత శ్రద్ధగా తేల్చిన వైపును వదిలేసి, కాదన్న వైపును నింపడమేమిటి?

ఆ ప్రశ్న కాలమిస్టును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి పాత పదో తరగతి దాకా తీసుకెళ్లింది. అప్పట్లో లీనియర్ ప్రోగ్రామింగ్ ఒక పాఠం. పబ్లిక్ పరీక్షలో గ్రాఫు పేపరును జవాబు పత్రానికి దారంతో కట్టేవారు. ఆ తరహా లెక్క ఒకటి చూడండి.

ఒక వడ్రంగికి కుర్చీ చేయాలంటే కోతకు 1 గంట, పాలిష్‌కు 3 గంటలు పడుతుంది. బల్లకు కోత 2 గంటలు, పాలిష్ 2 గంటలు. మొత్తం కోతకు 8 గంటలు, పాలిష్‌కు 12 గంటలే ఉన్నాయి. లాభం కుర్చీ మీద 200 రూపాయలు, బల్ల మీద 300.

కుర్చీలను అడ్డంగా, బల్లలను నిలువుగా తీసుకుంటే రెండు రేఖలూ (2, 3) దగ్గర ఖండించుకుంటాయి. సంఖ్యలు రుణాత్మకం కాలేవు కాబట్టి రెండు అక్షాలూ హద్దులే. నాలుగు షరతులకూ ఒదిగేది ఒక చతుర్భుజం. దాని మూలలు (0, 0), (4, 0), (2, 3), (0, 4). లాభాలు వరసగా 0, 800, 1300, 1200. అంటే రెండు కుర్చీలు, మూడు బల్లలు చేయాలి. లోపలి బిందువు ఏదీ ఈ లాభాన్ని దాటదు.

చలరాశులు పెరిగితే కాగితం చాలదు. 1945లో జార్జ్ స్టిగ్లర్ చౌకైన ఆహారం లెక్క వేసినప్పుడు 77 పదార్థాలు, 9 పోషకాలు తీసుకున్నారు. అలాంటి వాటి కోసం 1947లో జార్జ్ డాంట్‌జిగ్ రూపొందించిన సింప్లెక్స్ పద్ధతి కూడా మూల నుంచి మూలకు నడిచేదే.

కావలసినవి మూలలు. వడ్రంగి లెక్కను మన పద్ధతిలో, అంటే సాధన వైపే నింపుతూ గీస్తే, ఆ చతుర్భుజం మీద నాలుగు షరతుల గీతలూ వచ్చి పడతాయి. మూలలు పెన్సిల్ నలుపులో కలిసిపోతాయి. చుట్టుపక్కల రెండేసి, మూడేసి సార్లు నింపిన చోట్ల నుంచి దాన్ని వేరుచేయడమూ కష్టమే. అక్కర్లేని వైపులు కొట్టేసుకుంటూ పోతే చతుర్భుజం తెల్లగా మిగులుతుంది, మూలలు స్పష్టంగా చదవొచ్చు. కేంబ్రిడ్జి ప్రశ్నపత్రాలు వద్దన్న వైపునే నింపమనడంలో అర్థముంది. ఆ అబ్బాయికి పడిన టిక్కు న్యాయమైనదే.

ఒకే అసమీకరణమైతే సాధన వైపు నింపడమే సులువు. రెండు దాటితే అక్కర్లేని వైపు నింపడం మేలు. ఉపాధ్యాయులకు ఒక్క మనవి: ఏ పద్ధతి నేర్పినా, నింపిన భాగం సాధనా కాదా అన్నది గ్రాఫు పక్కన ఒక మాటలో రాయించండి.