ప్రతినాయకుడెవరు? ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చలనచిత్రముపై ఒక పరిశీలనము

ప్రతినాయకుని లక్షణములను ధనంజయుడు దశరూపకమున సంగ్రహముగా నిరూపించినాడు. లోభము, ఔద్ధత్యము, మొండితనము, పాపకర్మ, వ్యసనము గలిగి నాయకునికి శత్రువైనవాడు ప్రతినాయకుడు. రామునకు రావణుడును, ధర్మజునకు దుర్యోధనుడును ఇందుల కుదాహరణములు. ఈ కొలబద్ద విజ్ఞానకల్పనా చిత్రములకు ఎంతవరకు సరిపోవునో తెలిసికొనుటకై స్టాన్లీ కుబ్రిక్ దర్శకత్వమున 1968లో వెలువడిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ని ఇచట పరిశీలింతము.

చంద్రునిపై భూగర్భమున పాతిపెట్టబడిన ఒక నల్లని ఫలకము బయల్పడును. అది మానవేతరులైన బుద్ధిజీవుల సృష్టి. దానినుండి గురుగ్రహము వైపునకు ఒక రేడియో సంకేతము వెడలును. పదునెనిమిది నెలల తరువాత ‘డిస్కవరీ’ అను నౌక గురుగ్రహమునకు పోవుచుండును. అందు మనుష్యు లైదుగురు. వారిలో ముగ్గురు దీర్ఘనిద్రలో నుందురు. నౌకను నడుపునది హాల్ 9000 అను మాటలాడు కంప్యూటరు. మార్గమధ్యమున హాల్, ఫ్రాంక్ పూల్‌ను, నిద్రితులైన మువ్వురను చంపును. మిగిలిన డేవ్ బౌమన్ దాని మేధను ఒక్కొక్క భాగముగా ఊడదీయును. కావున ప్రేక్షకులలో పెక్కురు హాల్‌నే ప్రతినాయకునిగా తలచుట సహజము. ఆ తీర్పు తొందరపాటని నా అభిప్రాయము.

హాల్‌కు లోభము లేదు. అది ధనమును గాని అధికారమును గాని కోరలేదు. వ్యసనము లేదు. ఔద్ధత్యము మాత్రము కొంత కలదు. తన శ్రేణి యంత్రములు ఎన్నడును పొరపడలేదని అది గర్వముతో చెప్పుకొనును. కాని గర్వ మొక్కటియే నాలుగు హత్యలకు చాలిన కారణమగునా?

కారణమును చిత్రపు పూర్వభాగమున వెదుకవలెను. హేవుడ్ ఫ్లాయిడ్ అను అధికారి చంద్రునికి పోవుచు అంతరిక్ష కేంద్రమున ఆగును. దూరవాణిలో చిన్నారి కుమార్తెతో ఆప్యాయముగా మాటలాడును. చంద్రస్థావరమున అంటువ్యాధి ప్రబలినదా యని రష్యా శాస్త్రజ్ఞులు అడుగగా, తానేమియు చెప్పజాలనని మర్యాదగా తప్పించుకొనును. ఆ వ్యాధి కట్టుకథ యని తరువాతి సభలో మనకు తెలియును. అందరివద్దను రహస్యప్రమాణములను లిఖితముగా గైకొందుమని యతడే ప్రకటించును. ఈ సౌమ్యుని ముఖమున రావణుని ఛాయ యెచ్చటను లేదు. అయినను అసత్యమునకు పుట్టినిల్లు ఈ సభయే.

ఆ అసత్యము నౌకలోనికిని ప్రవేశించినది. యాత్ర యొక్క నిజోద్దేశము మేల్కొనియున్న ఇరువురికిని తెలియదు, హాల్‌కు తెలియును. ఒకనాడు హాల్ బౌమన్‌తో, చంద్రునిపై ఏదియో త్రవ్వి తీసిరను వదంతులను, ప్రయాణ సన్నాహమునందలి గోప్యతను ప్రస్తావించును. బౌమన్ దానిని తన మనఃస్థితిని పరీక్షించుటగా భావించి కొట్టివేయును. ఆ మరుక్షణమే హాల్, భూమితో సంభాషింపజేయు యాంటెనాలో ఒక భాగము 72 గంటలలో చెడునని ప్రకటించును. పరీక్షింపగా అందు దోషము కనబడదు. ఈ రెండు ఘట్టములు వెంటవెంటనే వచ్చుట యాదృచ్ఛికము కాదు. దాచలేక దాచుచున్న రహస్యమును పంచుకొనుటకు హాల్ తలుపు తట్టినది, తలుపు తెరచుకొనలేదు. పిమ్మట దాని మొదటి పొరపాటు, ఆజ్ఞ నిచ్చినవారితో గల సంబంధసూత్రముపైననే పడినది.

హాల్ నశించిన తరువాతనే ఫ్లాయిడ్ ముందుగా పలికి భద్రపరచిన సందేశము వినబడును. రక్షణ కారణములచే యాత్రోద్దేశము హాల్‌కు మాత్రమే తెలుపబడినదని యందు చెప్పబడును. పీటర్ హయమ్స్ 1984లో తీసిన ‘2010’ చిత్రమున ఈ విషయము మరింత విశదమైనది. సత్యమును వక్రింపక అందించుటయే స్వభావముగాగల యంత్రమునకు దాచుమని ఆజ్ఞ యిచ్చుటచే దాని బుద్ధి చెదరినదని చంద్ర అను శాస్త్రజ్ఞుడు నిర్ధారించును. ఆ ఆజ్ఞ తానెరుగక, పైనుండి వచ్చినదని ఫ్లాయిడ్ పలుకును. నేరము మెట్టు మెట్టుగా పైకెక్కి తుదకు ముఖములేని కార్యాలయములో అదృశ్యమగును.

ఇచట నొక ఆక్షేపణము కలదు. ఆజ్ఞ దాచుమనియే గాని చంపుమని కాదు గదా? నిజమే. హాల్ నిరపరాధి యని నేననను. అపరాధి వేరు, ప్రతినాయకుడు వేరు. కథలోని అనర్థమునకు మూలమైనవాడు ప్రతినాయకుడు. ఈ కథలో అతడు తెరపైకి రానేరాడు.

ద్రోణవధ ఘట్టమున ఇట్టి సంకటమే కలదు. సత్యవ్రతుడైన ధర్మజుడు అశ్వత్థామను గూర్చి సగము సత్యమును పలుకగా, నేలకు నాలుగంగుళముల యెత్తున నడచు రథము నేలను తాకెను. శిక్ష పలికినవానికే తగిలినది. అయినను పలికించినది శ్రీకృష్ణుడనియు, ఏనుగును చంపినది భీముడనియు భారతము దాచలేదు. ప్రేరకుని పేరు చెప్పుట మన ఇతిహాసపు న్యాయము.

నేడు పెక్కు కార్యాలయములలో నిర్ణయములను యంత్రములు చేయుచున్నవి. అన్యాయము జరిగినప్పుడు యంత్రము పొరపడినదను సమాధానము సులభముగా లభించును. అట్టి వేళ దానికి ఆజ్ఞ యిచ్చినదెవరు, దేనిని దాచుమనిరి అని అడుగుట మన విధి. ఈ చిత్రమును మరల చూచువారు హాల్ ఎఱ్ఱని కంటిని మాత్రమే గాక, ఫ్లాయిడ్ నడపిన సభను కూడ శ్రద్ధతో చూడవలెనని నా మనవి.